బ్లాస్ట్ ఫర్నేస్‌లో మెటలర్జీ ఇంజనీరుకు నిజంగా పని ఉందా?

మీరు మెటలర్జీ (లోహశాస్త్రం) ఆఖరి ఏడాదిలో ఉన్నారు. ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసే కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ అంతా కంప్యూటరే నడుపుతుందనీ, బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ఇనుము తీయడం వచ్చాక ఫర్నేసులే మూతపడతాయనీ అంటున్నారు, చేరాలా వద్దా అని అడిగారు. చేరండి. 16 ఏళ్లు ఆ పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఫర్నేస్ లోపల ఏం జరుగుతోందో ఎవరూ కంటితో చూడలేరు. పైనుంచి కోక్ (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు), సింటర్ (వేడికి ముద్దకట్టించిన ఖనిజపు పొడి), ఖనిజం పొరలు పొరలుగా పడతాయి. కిందనుంచి 1,100-1,200 డిగ్రీల వేడిగాలి ట్యుయర్ల (గాలి ఊదే నాజిళ్ల) గుండా దూసుకెళ్తుంది. ఆ గాలికి కోక్ మండే చోట మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. అక్కడ పుట్టిన గ్యాస్ కొన్ని సెకన్లలో పైకి చేరుతుంది. పైన వేసిన సరుకు కిందికి దిగడానికి మాత్రం ఆరేడు గంటలు పడుతుంది. మన పనిలో కష్టమంతా ఈ తేడాలోనే ఉంది. ఇప్పుడు కోక్ పెంచితే ఫలితం తర్వాతి షిఫ్టు వాళ్లకు కనిపిస్తుంది.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది రెండో ఏడాదిలో, ఒక రాత్రి షిఫ్టులో. ఇనుములో సిలికాన్ 0.6 శాతం నుంచి 0.3కి పడిపోయింది (ఫర్నేస్ చల్లబడుతోందనడానికి అది గుర్తు), వేడి కూడా తగ్గుతోంది. కోక్ తడిసిందేమో అనుకుని కోక్ పెంచాను. గంట తర్వాత మళ్లీ పెంచాను. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. అప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జ్ వచ్చి, ఇనుము రిపోర్టు పక్కనపెట్టి, పైనుంచి వచ్చే గ్యాస్ గ్రాఫ్ తీశారు. "కోక్ పెంచడం ఆపు. హైడ్రోజన్ చూడు" అన్నారు. గాలితో పాటు పంపే ఆవిరి గానీ బొగ్గుపొడి గానీ మార్చలేదు, అయినా మూడు గంటలుగా హైడ్రోజన్ పెరుగుతూనే ఉంది. ఒక ట్యుయర్‌కు చిల్లు పడి, దాన్ని చల్లబరిచే నీళ్లు లోపలికి పోతున్నాయి. ఆ నీళ్లు కోక్‌లోని కార్బన్‌తో కలిసి హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతూ వేడిని తినేస్తున్నాయి. గాలి ఆపి ట్యుయర్ మార్చాం. నేను వేసిన అదనపు కోక్ పొద్దుటి షిఫ్టులో కిందికి దిగింది. సిలికాన్ 1 శాతం దాటింది, ఆ షిఫ్టు వాళ్లు నానా అవస్థ పడ్డారు.

ఆ చర్య పుస్తకంలో చదివిందే, కానీ దాన్ని గ్రాఫ్‌లో గుర్తుపట్టడమే నైపుణ్యం. కంప్యూటర్ మోడల్ మంచి సాయమే. అయితే ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే పరికరం) పాడైనా అది తప్పు లెక్క చెబుతుంది. అది తప్పని పట్టుకోవాలంటే ద్రవ్య సమతుల్యం, ఉష్ణ సమతుల్యం (లోపలికి వెళ్లిన సరుకు, వేడి బయటికి వచ్చినవాటితో సరిపోయాయా అన్న లెక్కలు) మీరు చేత్తో వేయగలగాలి. 1970 చుట్టుపక్కల జపాన్‌లో నడుస్తున్న ఫర్నేసులను చల్లార్చి, పొరపొరగా తవ్వి చూశారు. ఖనిజం మెత్తబడి కరిగే ప్రాంతం ఏ ఆకారంలో ఉంటుందో అప్పుడు స్పష్టమైంది. ఈనాటి మోడళ్ల వెనుక ఆ తవ్వకాలున్నాయి. దాని గురించి తప్పకుండా చదవండి.

తర్వాత దారులు చాలా ఉన్నాయి: ముడిసరుకు, స్లాగ్ (ఇనుముపై తేలే కరిగిన మలినాలు) కెమిస్ట్రీ, రిఫ్రాక్టరీ (వేడికి తట్టుకునే) ఇటుకలు, డిజైన్ సంస్థలు, పరిశోధన. షిఫ్టులు ఒళ్లు హూనం చేస్తాయి, అది దాచను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, గ్యాస్ మానిటర్ లేకుండా పైకి ఎక్కవద్దు.

హైడ్రోజన్ సంగతి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ ఇంధనం మాత్రమే కాదు. పై సరుకు బరువు మోసేదీ, గ్యాస్‌కు దారి ఇచ్చేదీ అదే. అందుకే అందులో కోక్‌ను పూర్తిగా తీసేసి హైడ్రోజన్ పెట్టలేం. హైడ్రోజన్‌తో ఇనుము తీసే షాఫ్ట్ ఫర్నేస్ వేరే యంత్రం. కానీ అక్కడా సరుకు దిగుతుంది, గ్యాస్ ఎక్కుతుంది, ఖనిజం అతుక్కుంటుందేమోనన్న భయం ఉంటుంది. ఇక్కడ నేర్చుకున్నది అక్కడికీ పనికొస్తుంది. పైగా ఒకసారి కొత్తగా ఇటుక వేసిన బ్లాస్ట్ ఫర్నేస్ 15 ఏళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా నడుస్తుంది.

చేరగానే కంట్రోల్ రూమ్ ఇస్తామంటే, కాస్ట్ హౌస్‌లో (కరిగిన ఇనుము, స్లాగ్ బయటికి తీసే చోట) వేయమని అడగండి. కనీసం ఏడాది. స్లాగ్ నమూనా చల్లారాక నల్లగా కనబడితే అందులో ఐరన్ ఆక్సైడ్ ఉందని, లోపల వేడి తగ్గిందని ల్యాబ్ రిపోర్టు రాకముందే మీకు తెలిసిపోతుంది.