బ్యాకప్ కార్నర్‌బ్యాక్‌కి ఏడాదికి 11.7 లక్షల డాలర్లు: మంచి ఒప్పందమేనా?

మీరు అడిగింది ఇదీ: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఐదేళ్లు ఆడిన ఒక కార్నర్‌బ్యాక్‌ని (పాస్ అందుకునే ప్రత్యర్థిని, అంటే రిసీవర్‌ని, అడ్డుకునేవాడు) మీ టీమ్ 2025 సీజన్‌కి ఏడాది ఒప్పందం మీద, అంత అనుభవానికి లీగ్ పెట్టిన కనీస జీతం 11.7 లక్షల డాలర్లకి తీసుకుంది. నాలుగో కార్నరో, ఐదో కార్నరో అయ్యే మనిషికి అంత ఇవ్వొచ్చా అని.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. 2025లో ఎన్ఎఫ్ఎల్ శాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ జీతాలన్నిటికీ కలిపి ఉన్న పరిమితి, 27.92 కోట్ల డాలర్లు. అనుభవం ఉన్నవాళ్లు ఇలా కనీస జీతానికి ఏడాది సంతకం పెడితే, క్యాప్ లెక్కలో రెండేళ్లు ఆడినవాడి కనీస జీతమే రాసుకునే వెసులుబాటు ఉంది, అంటే 10.3 లక్షలు. ఖరీదెక్కువని పాతవాళ్లని పక్కన పెట్టేయకుండా చేసిన ఏర్పాటు అది. మొత్తం క్యాప్‌ని వంద రూపాయలనుకుంటే ఇతని వాటా 37 పైసలు. పైగా సీజన్ మొదలయ్యేదాకా పెద్ద జీతాలున్న 51 మందినే లెక్కేస్తారు. ఇతను ఆ జాబితాలోకి వస్తే అడుగున 9.6 లక్షలవాడొకడు బయటికి పోతాడనుకోండి, నికరంగా పెరిగేది 70 వేలే. అదే ఏడాది హ్యూస్టన్ కార్నర్ డెరెక్ స్టింగ్లీ మూడేళ్లకి 9 కోట్లకి సంతకం పెట్టాడు. కాబట్టి డబ్బు గురించి బెంగ వద్దు.

అసలు ఖర్చు చోటు. టీమ్‌లో ఉండేది 53 మంది. ఇతను కూర్చుంటే 8.4 లక్షలకి ఆడే కొత్త కుర్రాడు ఒకడు లేవాలి. ఆ కుర్రాడిని వదిలేస్తే వేరే టీమ్ ఎత్తుకుపోవచ్చు. అందుకే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: కార్నర్‌గా ఆడని రోజు ఇతను ఏం చేస్తాడు?

ఇది నాకు టీవీ చూస్తే తెలియలేదు, మా అబ్బాయి వల్ల తెలిసింది. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. వాడు హైస్కూల్లో రెండేళ్లు రెండో వరస కార్నర్. శుక్రవారం రాత్రి స్టాండ్స్‌లో కూర్చుని, వీడెప్పుడు దిగుతాడా అని మేమిద్దరం కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లం. వాడు దిగింది పంట్ అప్పుడు, అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేసేటప్పుడు. బంతి గాల్లో ఉండగా అంచు వెంబడి పరిగెత్తి, పట్టుకున్నవాడిని అక్కడికక్కడే పడగొట్టాలి. నెల తిరిగేసరికి వాడు లేకుండా ఆ కోచ్ పంట్ వేయించలేదు. ఎన్ఎఫ్ఎల్‌లోనూ ఐదో కార్నర్‌కి అన్నం పెట్టేది ఆ పనే. 2024లో కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను) నియమాలు మార్చాక రిటర్నులు, అంటే ఆ బంతిని పట్టుకుని ఎదురు పరిగెత్తడాలు, పెరిగాయి, ఇలా పరిగెత్తి ట్యాకిల్ చేసేవాళ్ల విలువా పెరిగింది.

రెండోది, స్లాట్‌లో, అంటే అంచున కాకుండా లోపలివైపు ఉండే రిసీవర్‌కి ఎదురుగా, నిలబడగలడా? ఇప్పుడు మ్యాచ్‌లో సగానికి పైగా ఎత్తుగడల్లో ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్స్ (పాస్‌లని కాచే వెనక వరస) ఉంటారు, మామూలుగా వాళ్లలో ముగ్గురు కార్నర్లు, అంటే మూడో కార్నర్ దాదాపు స్టార్టరే. ఒకడి మోకాలు పోతే నాలుగోవాడు మర్నాడే మైదానంలో ఉంటాడు.

బ్యాకప్ కార్నర్‌గా మొదలైన మాల్కమ్ బట్లర్‌నే తీసుకోండి. వెస్ట్ అలబామాలో చదివాడు, డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదు, ట్రైఅవుట్‌కి వచ్చి పేట్రియట్స్ టీమ్‌లో చేరాడు. 2014లో కొత్తవాళ్ల కనీస జీతం 4.2 లక్షలు. 2015 ఫిబ్రవరి 1న, ప్రత్యర్థి సియాటిల్ గోల్ గీతకి ఒక గజం దూరంలో ఉండగా, వాళ్ల రస్సెల్ విల్సన్ పాస్‌ని మధ్యలోనే అందుకుని 28-24తో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిపించాడు. అదే ఎత్తుగడని ప్రాక్టీస్‌లో వేసినప్పుడు అతను టచ్‌డౌన్ (గోల్ గీత దాటి చేసే స్కోరు) ఇచ్చేశాడు. ఆ తప్పు గుర్తుంది కాబట్టే మ్యాచ్‌లో రిసీవర్ కంటే ముందు కదిలాడు. వారమంతా ప్రత్యర్థి ఎత్తుగడలు చదివి, పిలుపు రాకపోయినా సిద్ధంగా ఉండడం బ్యాకప్ ఉద్యోగంలో పెద్ద భాగం. దాన్ని జీతం అంకెలో చూడలేం.

ఇక ఒప్పందం కాగితంలో చూడాల్సింది గ్యారంటీ, అంటే వదిలేసినా ఇవ్వాల్సిన డబ్బు. అది సున్నా అయితే ఆగస్టులో వదిలేసినా టీమ్‌కి నష్టం లేదు. ఐదారు లక్షలు గ్యారంటీ ఇచ్చారంటే నిజంగానే చోటు అనుకున్నారన్నమాట. సీజన్ మొదటి వారం టీమ్‌లో ఉన్నాడా, ఇంత అనుభవం ఉన్నవాడికి ఆ ఏడాది జీతం దాదాపు ఖాయమే. అందుకే కొందరిని ఆ వారం దాటాకే తీసుకుంటారు.

ప్రీసీజన్ మ్యాచ్‌లు వదలకండి. మొదటి పంట్‌కి, మెయిన్ యూనిట్‌తో, అంచున ఇతని నంబర్ కనిపిస్తే 53లో ఉంటాడు. నాలుగో క్వార్టర్‌లో మాత్రమే కనిపిస్తే, ఆ చోటు కోసం మీ కుర్రాళ్లలో ఎవరు గట్టిగా పోటీ పడుతున్నారో చూడడం మొదలుపెట్టండి.