రామప్ప గుడికి సిమెంటు ఎందుకు వద్దు?

ప్రశ్న: ఈమధ్య పిల్లలతో పాలంపేట వెళ్లి రామప్ప గుడి చూసి వచ్చాము. మండపంలో నేల అక్కడక్కడ ఎత్తుపల్లాలుగా ఉంది, కొన్ని దూలాలు బీటలు వారాయి. అడుగున కాంక్రీటు పోసి గట్టిపరిస్తే సరిపోదా? శిఖరానికి నీటిపై తేలే ఇటుకలు వాడారన్నది నిజమేనా?
— ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: ఇటుకల మాట నిజమే. లోపలంతా సన్నని రంధ్రాలు ఉండడం వల్ల ఆ ఇటుక నీటికంటే తేలికగా ఉండి తేలుతుంది. అయితే అది తేలడం ముఖ్యం కాదు, గర్భగుడిపై పడే బరువును తగ్గించడం ముఖ్యం. ఆ బరువు ఎందుకు తగ్గాలో పునాదిని గమనిస్తే తెలుస్తుంది.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ ఆలయం (శాసనం 1213 నాటిది) ఇసుక మీద నిలిచి ఉంది. పునాది గుంతలో ఇసుక నింపి, దానిపై ఎత్తయిన పీఠాన్ని లేపి, ఆ పీఠంపై గుడిని నిర్మించారు. భూమి కంపించినప్పుడు ఆ ఊపును ఇసుక చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. పైన స్తంభాలు, దూలాలు ఒకదానిపై ఒకటి ఆనుకుని ఉండే కట్టడం కాబట్టి, కొద్దిపాటి కదలికను అది కూడా తట్టుకుంటుంది. మీరు చూసిన ఎత్తుపల్లాలు అడుగున జరిగిన సర్దుబాటుకు గుర్తులు. నేల కుంగినా మండపం కూలలేదంటే, ఆ స్థపతుల ఆలోచన ఎంత లోతైనదో ఊహించండి.

అందువల్ల అక్కడ కాంక్రీటు పోస్తే, ఒకచోట బిగుసుకున్న పునాది, మరొకచోట సర్దుకునే ఇసుక ఒకే గుడి కింద చేరి, బీటలు మరింత పెరిగే ప్రమాదం ఉంది. గోడల విషయంలోనూ సిమెంటు మేలు చేయదు. ఎర్ర ఇసుకరాయి తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. అతుకుల్లో సిమెంటు నింపితే ఆ తేమ రాతి గుండానే బయటికి రావలసి వస్తుంది, దానితో వచ్చిన లవణాలు పైపొరలో గడ్డకట్టి, రాయి పెచ్చులుగా రాలుతుంది. సున్నపు గచ్చు తేమను అడ్డుకోదు, పైగా రాయికంటే మెత్తగా ఉండి తానే ముందు అరుగుతుంది. కాలం గడిచాక గచ్చును మళ్లీ పెట్టుకోవచ్చు, రాలిన శిల్పాన్ని పెట్టలేము.

నా దృష్టిలో ఈ గుడికి అన్నిటికంటే అవసరమైనది వాననీటి పారుదల. పీఠం చుట్టూ నీరు నిలిచి లోపలికి ఇంకితే ఇసుక కొట్టుకుపోయి, ఎంత చక్కని దూలమైనా ఆధారం కోల్పోతుంది. కాలువలు పూడిక తీయడం, కప్పు కారకుండా చూడడం ఫొటోలకెక్కే పనులు కావు, కానీ గుడిని నిలబెట్టేవి అవే.

విప్పి కట్టడం అవసరమైనప్పుడు ఎంత ఓర్పు కావాలో హనుమకొండ వేయిస్తంభాల గుడి చెబుతుంది. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, రాళ్లకు సంఖ్యలు వేసి, పునాదితో సహా తిరిగి కట్టి 2024లో తెరిచారు. అంత ఆలస్యం బాధాకరమే అయినా, తొందరలో కాంక్రీటు మండపం లేపి ఉంటే నష్టం శాశ్వతమయ్యేది.

రామప్పకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. హైదరాబాద్ నుంచి వెళ్లే మనవంటి వారు నల్లరాతి మదనికలను (స్తంభాలకు అమర్చిన స్త్రీ శిల్పాలను) చేతితో తడమకుండా, శిల్పాలకు నూనె, పసుపు, కుంకుమ పూయకుండా ఉంటే చాలు. పిల్లలకు కూడా ఆ మాట ముందే చెప్పి తీసుకువెళ్లండి.