కామెర్లతో బయటపడిన క్లోమం గడ్డ: ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా బాపుకు 58 ఏళ్లు, వ్యవసాయం చేస్తారు. కళ్లు పచ్చబడి ఒళ్లంతా దురద పెడితే మూడు వారాలు పసరు మందు తాగించాం. తగ్గకపోవడంతో హనుమకొండలో సీటీ స్కాన్ తీయిస్తే, క్లోమం తలభాగంలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందని, క్యాన్సర్ కావచ్చని, విపుల్ ఆపరేషన్ చేయాలని చెప్పారు. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని చుట్టాలు భయపెడుతున్నారు. బాపుకు ఇంకా అసలు సంగతి చెప్పలేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట నిజం కాదు. మంచి స్కానింగులు లేని రోజుల్లో పొట్ట తెరిచాక గాని జబ్బు కాలేయానికి పాకిందని తెలిసేది కాదు. అలా తెరిచి మళ్లీ కుట్టేసిన రోగులు కొద్ది నెలలకే చనిపోతే నింద కత్తి మీద పడింది. క్లోమం క్యాన్సర్ నయమయ్యే అవకాశం ఆపరేషన్‌తోనే ఉంది, అదీ జబ్బు బయటపడే నాటికి నూటికి 15 నుంచి 20 మందికే మిగిలి ఉంటుంది. తలభాగంలోని గడ్డ పక్కనున్న పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పిస్తుంది కనుక కొంత ముందుగా దొరుకుతుంది. ఆ వ్యవధిలో మూడు వారాలు పసరుకు పోయాయి, ఇక ఆలస్యం చేయకండి. కామెర్లతో పాటు దురద, తెల్లబారిన మలం కనిపిస్తే వెంటనే స్కానింగ్ చేయించాలని మీ ఊరివాళ్లకూ చెప్పండి.

ఆపరేషన్ కుదురుతుందా లేదా అన్నది గడ్డ సైజు కన్నా, అది పక్కనున్న పెద్ద రక్తనాళాలను చుట్టుకుందా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. చుట్టుకుని ఉంటే ముందు కీమోథెరపీ ఇచ్చి, మళ్లీ స్కాన్ చూసి నిర్ణయిస్తారు.

విపుల్ ఆపరేషన్‌లో క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళం కింది భాగం, కొన్నిసార్లు జీర్ణాశయంలో కొంత తీసేసి, మిగిలిన క్లోమాన్ని, పిత్తనాళాన్ని, జీర్ణాశయాన్ని పేగుకు కలిపి కుడతారు. ఈ మూడు అతుకుల్లో సర్జన్లను కలవరపెట్టేది క్లోమం అతుకే, ఎందుకంటే అది మెత్తని అవయవం, దాని రసం బయటికి కారితే చుట్టూ ఉన్న కండను, రక్తనాళాలను కూడా దెబ్బతీస్తుంది. కారినా చాలామందికి డ్రెయిన్ గొట్టంతో, మందులతో మానుతుంది, కాకపోతే ఆసుపత్రిలో ఇంకొన్ని రోజులు ఉండాల్సి వస్తుంది.

ఒకప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి నలుగురైదుగురిలో ఒకరు ఆసుపత్రిలోనే చనిపోయేవారు, ఇప్పుడు అనుభవమున్న చోట ఆ సంఖ్య నూటికి ఐదు లోపే. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, క్లోమం ఆపరేషన్లు చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు నూటికి 16 కాగా, బాగా ఎక్కువగా చేసే చోట నాలుగు లోపే ఉన్నాయి. అందుకే ‘ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?’ అని సర్జన్‌ను అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. జవాబు తృప్తిగా లేకపోతే రిపోర్టుతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకుని హైదరాబాదులో నిమ్స్‌లో గాని, ఉస్మానియాలో గాని సర్జికల్ గ్యాస్ట్రో విభాగంలో చూపించండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీకు ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్ బాగా జరిగినా జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువే. 2018లో వెలువడిన ఒక ఫ్రెంచ్-కెనడా పరిశోధనలో, ఆపరేషన్ నుంచి కోలుకున్నాక కొన్ని మందులు కలిపి కీమో ఇచ్చినవారిలో సగం మంది 54 నెలలకు పైగా బతికారు. పాత పద్ధతిలో ఒకే మందు ఇచ్చినవారిలో అది 35 నెలలు. కాబట్టి కుట్లు మానాయని కీమో మానేయవద్దు. అన్నం అరగడానికి ఎంజైమ్ క్యాప్సూళ్లు భోజనంతో పాటే వేసుకోవాలి, షుగర్ వస్తుందేమో చూసుకుంటూ ఉండాలి.

ఇక బాపుకు చెప్పాలా అంటే, తప్పకుండా చెప్పండి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. బీడీ అలవాటుంటే ఈ రోజే మానాల్సింది, ఆపరేషన్ మర్నాడే నొప్పిని ఓర్చుకుని లేచి నడవాల్సింది కూడా ఆయనే. ఎందుకు చేస్తున్నారో తెలియని మనిషితో అంత కష్టం పెట్టించడం న్యాయం కాదు. మీరూ అమ్మా పక్కన కూర్చుని, డాక్టరు చేతనే నెమ్మదిగా చెప్పించండి.