ఒకే మోడల్, వేరియంట్‌కో లైటు: తేడా అందానికేనా?

బేస్ వేరియంట్‌కీ టాప్ వేరియంట్‌కీ హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు ఎందుకు మారతాయి, ఆ తేడా చూపులకేనా, బేస్ కారుకి పైవి బిగించుకోవచ్చా అని అడిగారు. నాదీ మా అన్నయ్యదీ ఒకే మోడల్ కార్లు. నాది బేస్, అన్నయ్యది టాప్. రాత్రిళ్లు రెండూ నడుపుతుంటాను కాబట్టి గట్టిగా చెప్తాను, తేడా రోడ్డు మీదే ఎక్కువ. కాకపోతే షోరూమ్‌లో మన కన్ను పడే చోట అది ఉండదు.

పైన కనిపించే ప్లాస్టిక్ కవరు మా రెండు కార్లకీ ఒకటే. మారింది లోపలి సరుకు. నా దాంట్లో ఒకే హెచ్4 హాలోజెన్ బల్బు, అందులో రెండు ఫిలమెంట్లు: డిమ్‌కి 55 వాట్లు, హై బీమ్‌కి 60. దాని వెనక అద్దం పూత పూసిన గిన్నె, గిన్నె నిండా నిలువు మడతలు. వెలుగుని రోడ్డు మీద పరిచేది ఆ మడతలే. అన్నయ్య కారులో అదే చోట ఎల్‌ఈడీ, దాని ముందు గుండ్రటి ప్రొజెక్టర్ లెన్స్. చీకట్లో రెండు కార్లనీ గోడకి ఎదురుగా నిలబెట్టి డిమ్ వేసి చూశాను. ఎల్‌ఈడీ వెలుగు పైఅంచు కత్తితో కోసినట్టు ఉంది, ఆ అంచు వెంట సన్నటి నీలం. నా కారుది అంచు చెదిరిపోయి, వెలుగంతా మధ్యలోనే పోగుపడింది. అందుకే రోడ్డు పక్కన నడిచే మనిషి అన్నయ్య కారులో నాకు ముందే కనిపిస్తాడు.

డీఆర్ఎల్, అంటే పగలు కూడా వెలిగే ముందు లైటు, చూసి మాత్రం మోసపోకండి. మధ్య వేరియంట్లలో చాలాసార్లు డీఆర్ఎల్ ఒక్కటే ఎల్‌ఈడీ, డిమ్‌కి హాలోజెనే ఉంటుంది. ప్రొజెక్టర్ అన్నా అంతే, దాని లోపల హాలోజెన్ బల్బు ఉండొచ్చు. డిమ్ వేయించి చూడండి.

వెనక లైట్ల గురించి ఎవరూ అడగరు, నాకు అవే ముఖ్యం. నా కారులో పార్కింగ్ లైటుకీ బ్రేక్ లైటుకీ ఒకే బల్బు. 5 వాట్ల ఫిలమెంట్ వెలుగుతూ ఉంటుంది, బ్రేకు తొక్కితే 21 వాట్లది అందుకుంటుంది. అది వేడెక్కి పూర్తిగా వెలగడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఎల్‌ఈడీ తొక్కీ తొక్కగానే వెలుగుతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త వ్యవధిలోనే వెనక బండి ఐదు మీటర్లకి పైగా ముందుకొచ్చేస్తుంది. డిక్కీ డోరు పొడవునా సాగే ఎర్ర పట్టీ సంగతి వేరు. కొన్ని మోడళ్లలో అది టాప్ వేరియంట్‌లోనే వెలుగుతుంది, కింది వాటిలో ఉత్త రిఫ్లెక్టర్. దానికోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఇండికేటర్ బంపర్‌లో మరీ కిందికి ఉందేమో చూసుకోండి, ట్రాఫిక్‌లో వెనకే ఆనుకుని వచ్చేవాళ్లకి అది కనపడదు.

ఇక మార్పిడి. టాప్ వేరియంట్ లైటు బేస్ కారు గాడిలో సరిగ్గా కూర్చున్నా పని అయిపోదు. చాలా కార్లలో కనెక్టర్ పిన్నులు వేరు, ఎల్‌ఈడీకి తగిన కరెంటు అందించే డ్రైవర్ మాడ్యూల్ వేరు, కారు కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చకపోతే బల్బు పోయిందని హెచ్చరిక వస్తూనే ఉంటుంది. అంతకన్నా చెడ్డది, హాలోజెన్ గిన్నెలో విడి ఎల్‌ఈడీ బల్బు పెట్టడం. ఆ గిన్నె వంపులన్నీ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి లెక్కగట్టినవి. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా అది ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. బేస్ కారే కొంటే, కవరు పసుపెక్కకుండా చూసుకుని లైట్ల ఎత్తు సరిచేయించండి. వెనక సీట్లూ డిక్కీ నిండినప్పుడు హెడ్‌లైట్ల వెలుగుని పైకీ కిందికీ జరిపే లెవలింగ్ చక్రాన్ని 0 దగ్గరే వదిలేయక, మాన్యువల్‌లో చెప్పిన అంకెకి తిప్పండి.