తమ్ముడికి, భుజం ఆపరేషన్‌కు ముందు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎమ్మారై రిపోర్టు రెండుసార్లు చదివాను. "అక్కా, చెయ్యి మళ్లీ మునుపటిలా లేస్తుందా?" అని అడిగావు. ముప్పై ఏళ్లు రోగులకు ఫిజియోథెరపీ చేయించినదాన్ని, ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆ రిపోర్టులో చూడాల్సినవి మూడు. టెండన్ (భుజం కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే పట్టీ లాంటిది) ఎంత మేర చిరిగింది, తెగిన కొస ఎంత వెనక్కి జరిగింది, కండరంలో కొవ్వు ఎంత చేరింది. కొవ్వును 0 నుంచి 4 వరకు గ్రేడుల్లో చెబుతారు. కొవ్వు బాగా పట్టిన కండరం, కుట్లు వేసినా మళ్లీ పాత కండరం కావడం కష్టం. నీకు చిరుగు రెండు సెంటీమీటర్లలోపే ఉంది, గ్రేడ్ 1. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇది మంచి మాటే. ఇంకో ఏడాది నాన్చి ఉంటే ఇలా చెప్పగలిగేదాన్ని కాదేమో.

నాకు దిగులంతా నీ షుగర్, నీ సిగరెట్. టెండన్ ఎముకకు అతుక్కునే చోట రక్తసరఫరా అసలే తక్కువ. పొగ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. షుగర్ ఎక్కువుంటే గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, భుజం బిగుసుకుపోతుంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించు. సిగరెట్ ఈరోజే మానెయ్, ఆపరేషన్ తర్వాత కూడా ముట్టకు. నా కోసం మానెయ్ రా.

ఇక అసలు సంగతి. నొప్పి ముందు తగ్గుతుంది, టెండన్ తర్వాత అతుక్కుంటుంది. ఎముకకు గట్టిగా పట్టడానికి దాదాపు మూడు నెలలు కావాలి. మళ్లీ తెగడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. నా దగ్గరికొచ్చిన ఒకాయన అయిదో వారంలో నొప్పి లేదు కదా అని స్లింగ్ (చేతిని కదలకుండా మెడకు వేలాడదీసే పట్టీ) తీసి నీళ్ల బకెట్ ఎత్తాడు. అంతే, మళ్లీ తెగింది. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తే. అందుకే కొట్టు షట్టర్ జోలికి నువ్వు వెళ్లొద్దు, సర్జన్ సరే అనేదాకా మేనల్లుడే ఎత్తాలి. స్కూటర్ కూడా అంతే.

అలాగని భయపడి చెయ్యి కట్టేసుకుని కూర్చున్నా భుజం బిగుస్తుంది. స్లింగ్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోమంటారు. ఆ రోజుల్లో వేళ్లు, మణికట్టు, మోచెయ్యి ఎప్పటినుంచి ఎలా కదపాలో మీ ఫిజియో చెబుతారు, అవి తప్పక చెయ్యి. భుజాన్ని మాత్రం వాళ్లు చెప్పిన రోజు నుంచే, వాళ్లు చెప్పినంతే. నూనె పెట్టి మర్దన చేస్తామని ఎవరొచ్చినా వద్దను.

మొదటి వారాల్లో రాత్రిళ్లు కష్టం. పడుకుంటే నొప్పి పెరుగుతుంది, వీపు వెనక దిండ్లు పెట్టుకుని ఏటవాలుగా పడుకోవాలి. ఎడమచేత్తో స్పూన్‌తో అన్నం తినడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. పూర్తి బలం రావడానికి ఏడాది పట్టొచ్చు, మూడో నెలకే నిరాశపడకు. స్కానులో టెండన్ పూర్తిగా అతుక్కోనివాళ్లకు కూడా నొప్పి బాగా తగ్గడం చూశాను.

తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. మొదటి రెండు వారాలు నేనొచ్చి ఉంటాను. రాత్రిళ్లు దిండ్లు సర్దడానికి మరదలికి తోడు కావాలి.

మీ అక్క