క్యాసినో చేతులు మారుతోందని కంగారు పడుతున్న మా అబ్బాయికి

చిన్నా,

రెండు రాత్రుల నుంచి నీకు నిద్ర లేదని నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసింది. "పెద్దమ్మా, మా క్యాసినో అమ్ముతున్నారని పేపర్లో చదివి తెలుసుకున్నాను, మావాళ్లు ఒక్క మాట చెప్పలేదు" అన్నావు. చెప్పరు నాన్నా. నేను ఇదే అట్లాంటిక్ సిటీలో బ్లాక్‌జాక్ డీలర్‌గా చేరి షిఫ్ట్ మేనేజర్‌గా దిగేసరికి 26 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో మూడుసార్లు యజమానులు మారారు. మూడుసార్లూ నాకంటే ముందు కార్లు పార్క్ చేసే కుర్రాళ్లకే తెలిసింది.

ముందు ఒకటి కనుక్కో. అమ్మింది నేలా, ఆటా? ఈ రోజుల్లో రెండూ ఒకరి చేతిలో ఉండటం తక్కువ. 2022లో లాస్ వేగాస్‌లో వెనీషియన్‌ని అమ్మినప్పుడు భవనాలూ స్థలమూ 400 కోట్ల డాలర్లకు వీచీ అనే కంపెనీకి వెళ్లాయి. క్యాసినో నడిపే వ్యాపారం 225 కోట్ల డాలర్లకు అపోలో అనే పెట్టుబడి కంపెనీకి వెళ్లింది. నేల మాత్రమే చేతులు మారితే నువ్వు చూసుకునే టేబుళ్ల దగ్గర, నీ పిట్‌లో పెద్దగా ఏమీ మారదు, అద్దె కట్టాల్సిన మనిషి మారతాడంతే. ఆట చేతులు మారితేనే నీ జీతం, నీ షిఫ్ట్, ఆడినంతకు పాయింట్లు పడే నీ ప్లేయర్ల కార్డులు అన్నీ కదులుతాయి.

కొన్నవాడు నడపడానికే కొన్నాడని కూడా అనుకోకు. మన ఊళ్లో అట్లాంటిక్ క్లబ్ సంగతి గుర్తుందా? దివాలా వేలంలో రెండు పోటీ కంపెనీలు కలిసి కొన్నాయి. ఒకరు మెషీన్లు, టేబుళ్లు పట్టుకుపోయారు, ఇంకొకరు భవనం తీసుకున్నారు. 2014 జనవరి 13న తలుపులు మూసేశారు. ఆ ఏడాదే షోబోట్, రెవెల్, ట్రంప్ ప్లాజా కూడా మూతపడి, 12 క్యాసినోలు 8 అయ్యాయి. దాదాపు 8 వేల మంది రోడ్డున పడ్డారు. నేనప్పుడు రోజూ సముద్రం పక్కన చెక్కబాట, బోర్డ్‌వాక్ మీద నడుచుకుంటూ డ్యూటీకి వెళ్లేదాన్ని. చీకటి పడ్డాక దీపాలు వెలగని భవనాలు చూస్తే కడుపులో ఎలాగో ఉండేది. కానీ ఆ రెవెల్‌నే పేరు మార్చి 2018 జూన్‌లో మళ్లీ తెరిచారు. మూసేసిన ట్రంప్ తాజ్‌మహల్ క్యాసినో కూడా అదే నెలలో హార్డ్ రాక్‌గా తెరుచుకుంది. మా పాతవాళ్లు కొందరు అక్కడే మళ్లీ ఉద్యోగాల్లో చేరారు.

పేపర్లో ధర పడినంత మాత్రాన అమ్మకం అయిపోయినట్టు కాదు. న్యూజెర్సీ క్యాసినో కంట్రోల్ కమిషన్ ఒప్పుకోవాలి. ఆ విచారణ అందరి ముందే జరుగుతుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఆఫ్ రోజు చూసుకుని వెళ్లు. కొనేవాడి లాయర్ ఏం చెబుతున్నాడో, ఎంత అప్పు చేసి కొంటున్నాడో విను. బ్రేక్ రూమ్ గాలివార్తలు వంద విన్నా ఆ ఒక్క పూటకు సాటి రావు.

ఇక నీ సంగతి. వంటవాళ్లకు, హౌస్‌కీపింగ్ వాళ్లకు లోకల్ 54 యూనియన్ ఉంది. నువ్వు మేనేజ్‌మెంట్, నీ తరఫున అడిగేవాళ్లు లేరు. అందుకే కాగితాలు నువ్వే చూసుకోవాలి. న్యూజెర్సీలో పెద్ద కంపెనీ ఒక్కసారిగా ఎక్కువమందిని తీసేయాలంటే 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పనిచేసిన ఏడాదికి ఒక వారం జీతం చొప్పున చెల్లించాలి. ఈ చట్టం 2023 ఏప్రిల్ నుంచి ఇలా ఉంది. కొత్తవాళ్లు నిన్ను కొనసాగిస్తామంటే సంతోషించే ముందు ఒక్కటి అడుగు: నా పాత సర్వీసు కలుస్తుందా, లేక ఆ రోజు నుంచి కొత్తగా చేరినట్టా? జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద తీసుకో. నీ లైసెన్స్ నీ పేరు మీద ఉంది, క్యాసినో పేరు మీద కాదు. అది మర్చిపోయి ప్రతివాడికీ నమస్కారాలు పెడుతూ తిరగకు.

అసలు రాయాలనుకున్నది నీ ప్లేయర్ల గురించి. నేను చేసిన తప్పు చెప్తాను. మా దగ్గరికి ఫిలడెల్ఫియా నుంచి వారానికి రెండుసార్లు బస్సులో ఒక ముసలావిడ వచ్చేది. తక్కువ పందెం టేబుల్ దగ్గరే కూర్చునేది. యజమాని మారుతున్నాడని తెలిసి "నా పాయింట్లు ఏమవుతాయి?" అని అడిగింది. పైనుంచి వచ్చిన మెమోలో ఉన్నట్టే "ఏమీ కావు, భద్రంగా ఉంటాయి" అన్నాను. రెండు నెలలకు పాయింట్ల విలువ సగం చేశారు. మనవరాలి పుట్టినరోజు విందుకని దాచుకుందట. నన్ను ఒక్క మాట అనలేదు. పక్క క్యాసినోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి నిన్ను అడిగితే "నాకు తెలియదండీ, ఉన్నవి వాడుకోండి" అని చెప్పు. పైవాళ్లు కోప్పడతారంటావా? ఎప్పుడైనా మార్చే హక్కు మాదేనని వాళ్లే నిబంధనల్లో చిన్న అక్షరాల్లో రాసుకున్నారు. నువ్వు అదే పెద్ద గొంతుతో చెబుతున్నావు. ఇంట్లో డ్రాయర్లలో పడేసిన చిప్స్, అదే పందెం బిళ్లలు ఉంటే కేజ్‌లో, అంటే క్యాష్ కౌంటర్లో డబ్బుగా మార్చుకోమను. పన్నుల కోసం ఏడాది గెలుపోటముల స్టేట్‌మెంట్ పాత సిస్టమ్ ఉండగానే తీసుకోమను. మార్కర్ మీద, అంటే క్యాసినో అప్పు కాగితం మీద సంతకం పెట్టిన బాకీ మాత్రం ఎక్కడికీ పోదు, యజమాని మారితే మాఫీ అవుతుందని ఆశపడే మహానుభావులు ప్రతిసారీ ఒకరిద్దరు తగులుతారు! 2024 జూలైలో వేగాస్‌లో మిరాజ్ మూసేటప్పుడు పేరుకుపోయిన జాక్‌పాట్‌లు సుమారు 16 లక్షల డాలర్లు ప్లేయర్లకే పంచేశారని వినే ఉంటావు. అది దయ కాదు, ప్లేయర్ల డబ్బు వాళ్లకే పోవాలన్న నియమం.

ఇంకొకటి. కార్డు స్థాయి పోతుందేమోనని చివరి నెలలో ఎడాపెడా ఆడేవాళ్లు కనిపిస్తారు. వాళ్లను రెచ్చగొట్టి నంబర్లు చూపించుకోకు. శ్రుతి మించితే జూదం వదలలేనివాళ్లకు సాయం చేసే 1-800-గ్యాంబ్లర్ ఫోన్ నంబరు కార్డు చేతిలో పెట్టు.

పెద్ద ప్లేయర్లను చూసుకునే మీ హోస్ట్‌లలో ఎవరైనా ప్లేయర్ల లిస్టు ఫోన్లో ఫోటో తీసుకుని వేరే క్యాసినోకి పోదాం, నువ్వూ రా అంటే ఆ ఛాయలకు వెళ్లకు. కోర్టు దాకా పోయే వ్యవహారం.

చేతులు మారే రాత్రి టేబుల్ టేబుల్‌కీ చిప్స్ లెక్కపెడతారు. మర్నాటి నుంచి సగం కార్డులు పనిచేయవు. ఎవరు ఎంత ఆడారో లెక్కగట్టే రేటింగ్ స్లిప్పులు కాగితం మీద రాయడం మీ పిల్లల్లో ఎంతమందికి వచ్చు? ఈ వారమే నేర్పించు. ఆ వీకెండ్ సెలవు పెట్టకు. రోజూ వచ్చేవాళ్లు కొత్త బోర్డు చూసి బెదిరిపోయి తెలిసిన ముఖం కోసం వెతుక్కుంటారు.

వాళ్లు సంతకం పెట్టమన్న అగ్రిమెంటులో, మానేశాక పక్క క్యాసినోలో చేరకూడదనే పేజీ ఉందా? ఉంటే సంతకం పెట్టే ముందు నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం భోజనానికి రా, గోంగూర మటన్ వండుతాను, కూర్చుని చదువుదాం.

మీ పెద్దమ్మ