తక్కువ మోతాదు తుపాకీ మందుకే రైఫిల్ బోల్ట్ బిగుసుకుంటోందా? మందు మార్చే ముందు తూటా మెడ కొలవండి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. పాత 30-06 తూటాల ఇత్తడి కేసుల (మందు నింపే గుల్లల) మెడను, అంటే బుల్లెట్‌ను పట్టుకునే సన్నటి భాగాన్ని, కుదించి 6.5-06 వైల్డ్‌క్యాట్ తూటాలు, అంటే ఫ్యాక్టరీ ప్రమాణం లేని సొంత రకం తూటాలు, చేసుకున్నారు. తూటాలు నింపే పుస్తకంలో ఇచ్చిన ప్రారంభ మోతాదు మందుతోనే మొదలుపెట్టారు. అయినా బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) ఎత్తడం కష్టమైంది, ప్రైమర్లు (మందును అంటించే, కేసు అడుగున ఉండే చిన్న మూతలు) చదునుగా అణిగిపోయాయి. మందు రకం మార్చాలా అని అడిగారు.

ఇంకా మార్చకండి. ముందు కాల్చడం ఆపండి. ఇదే తూటాతో నేనూ ఇదే ఇబ్బంది పడ్డాను, అందులో మందు తప్పేమీ లేదు.

ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు కాల్చిన కేసును డైలోకి (కేసును తిరిగి కొలతకు నొక్కే పరికరంలోకి) పంపకుండా అలాగే తీసుకుని, దాని మెడలోకి కొత్త బుల్లెట్‌ను వేళ్లతో జారవిడవండి. అడ్డు లేకుండా లోపలికి దిగాలి. నోటి దగ్గర మడత పడకపోయినా బుల్లెట్ దిగడం లేదంటే, కాల్చిన క్షణంలో మెడ వ్యాకోచించడానికి ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) చోటు లేదని అర్థం. మెడ బుల్లెట్‌ను వదలలేదు, మందు మాత్రం మండుతూనే ఉంది. ఇక పీడనం ఎటు పోతుంది? మోతాదు ఎంత తక్కువైనా అది ప్రమాదకర స్థాయికి ఎక్కగలదు.

నేను వాడినవి సైన్యం వదిలేసిన 30-06 కేసులు. మెడను 7.82 మిల్లీమీటర్ల బుల్లెట్ కొలత నుంచి 6.71కి దించితే, అక్కడి ఇత్తడి మాయం కాదు. కొంత పొడవుగా సాగుతుంది, కొంత గోడలోనే పేరుకుని మందం పెంచుతుంది. పొడవు పెరిగినది కంటికి కనిపిస్తుంది కనుక కత్తిరించాను. మందం పెరిగినది కనిపించదు, అందుకే కొలవలేదు. మొదటి తూటాకు బోల్ట్ కొంచెం బరువుగా మూసుకుంటే, కొత్త కేసు కదా అని సరిపెట్టుకున్నాను. ఆ రోజు బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ నేను ఆశించిన దానికన్నా సెకనుకు దాదాపు 45 మీటర్లు ఎక్కువ వేగం చూపింది. ప్రారంభ మోతాదుకు అంత వేగం రావడమే హెచ్చరిక. పీడనం లేకుండా వేగం రాదు. ప్రైమర్ ఆకారం ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది, అనుకోని వేగాన్ని మాత్రం ఎప్పుడూ కొట్టిపారేయకండి.

తర్వాత ఛాంబర్‌కు అచ్చు తీశాను. దీనికి సెర్రోసేఫ్ అనే మిశ్రమలోహం వాడతారు. మరిగే నీటి కన్నా తక్కువ వేడికే, 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య, అది కరుగుతుంది. గొట్టంలో ఛాంబర్‌కు కాస్త ముందు గుడ్డ బిగించి పోయాలి. గట్టిపడ్డాక మొదట కుంచించుకుంటుంది, కనుక అచ్చు సులువుగా బయటికి వస్తుంది. పోసిన గంటకు దాదాపు ఛాంబర్ అసలు కొలతకే చేరుకుంటుంది, కొలవాల్సింది అప్పుడే. రోజుల తరబడి వదిలేస్తే ఇంకా పెరిగి తప్పు లెక్క చెబుతుంది. నా రైఫిల్ మెడ భాగం 7.54 మిల్లీమీటర్లు వచ్చింది. బుల్లెట్ బిగించిన నా తూటా మెడ 7.53. కాలిపర్ పక్కన పెట్టి చాలాసేపు ఆ రెండు అంకెలనే చూస్తూ కూర్చున్నాను.

మెడ బయటి గోడను తిప్పుడు పనిముట్టుతో చెక్కి, మందం 0.37కి తెచ్చాను. దాంతో తూటా మెడ 7.45 అయింది. ఖాళీ మొత్తం కనీసం 0.05 మిల్లీమీటర్లు ఉండాలన్నది నేను దాటని గీత. మందం కొలవడానికి గుండ్రటి కొన ఉన్న మైక్రోమీటర్ వాడండి, కాలిపర్ దీనికి చాలదు. అదే మందు, అదే మోతాదు. బోల్ట్ ఒక్క వేలితో లేచింది.

పుస్తకంలోని లెక్క మీకు ఎందుకు వర్తించలేదో కూడా చెప్పాలి. అమెరికాలో 1926లో ఏర్పడిన సామీ సంస్థ ఫ్యాక్టరీ తూటాలకూ ఛాంబర్లకూ ప్రామాణిక కొలతలు నిర్ణయిస్తుంది. 22-250 కూడా మొదట వైల్డ్‌క్యాటే, 1965లో రెమింగ్టన్ దాన్ని ఫ్యాక్టరీ తూటాగా తెచ్చింది. 25-06కు ఆ గౌరవం 1969లో దక్కింది. అలాంటి ప్రమాణం రాకముందు తొలిచిన ఛాంబర్ విషయం వేరు. తొలిచిన పనివాడి రీమర్ (తొలిచే పనిముట్టు) కొలతే దాని కొలత. ఒకే పేరున్న రెండు రైఫిళ్లలో మెడ భాగాలు వేరుగా ఉండవచ్చు. మీది పాత రైఫిల్ అన్నారు కనుక అచ్చు తప్పనిసరి.

కుదించిన మెడ గట్టిపడి చీలే గుణం తెచ్చుకుంటుంది, కాబట్టి మెడను, దాని కింద వాలుగా ఉండే భుజాన్ని మాత్రమే వేడిచేసి మెత్తబరచండి. కేసు అడుగు భాగానికి ఆ వేడి తగలకూడదు. పీడనాన్ని ఆపేది ఆ అడుగు భాగం గట్టితనమే. డైని మరీ కిందికి దించి భుజాన్ని వెనక్కి నెట్టేయకండి, బోల్ట్ మూసేటప్పుడు చేతికి కొద్దిగా తెలిసేంతే చాలు. భుజం వెనక్కి పోతే కాల్చిన ప్రతిసారీ కేసు అడుగుకు కాస్త పైన ఇత్తడి సాగి పలచబడుతుంది. కొన వంచిన సన్నటి తీగతో లోపల గీరి చూడండి. గాడి తగిలితే ఆ కేసును నలిపి పారేయండి.

మీ దగ్గర నింపి ఉంచిన తూటాలు ఇంకా మిగిలి ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా పరీక్ష కోసమని కాల్చకండి. బుల్లెట్లు లాగేసి, మందు ఏ డబ్బాలోదో కచ్చితంగా తెలిస్తేనే తిరిగి అందులో పోయండి. అచ్చు కొలత, మెడ మందం, బుల్లెట్ వ్యాసం ఇక్కడ రాస్తే ఎంత చెక్కాలో లెక్క చూసి చెబుతాను.